లక్ష్మీదేవి అట్ట వేసిన నవల

ఇది మహాకావ్యం. కుర్చీ లాక్కుని కూర్చోండి. ఇందులో ఒక స్త్రీ పట్టిన మౌనదీక్ష ఉంది. ఒక గ్రంథం దేవుళ్ళ మధ్య పీట ఎక్కడం ఉంది. ఏడుగురు ముత్తైదువలు అక్షింతలు పట్టుకుని కూర్చున్న సభ ఉంది. వీటన్నిటి వెనకా ఒక కుట్ర ఉంది.

సరే, కుర్చీ తీసేయవచ్చు. జరిగిందల్లా ఇంతే. మార్కాపురంలో మా ఎదురింటి కోడలికి నేనొక నవల చదవమని ఇచ్చాను. కుట్ర అన్నది కూడా పెద్దమాటే. ఇంట్లో పాత క్యాలెండరు కనబడితే ఒక నెల చించి ఆ నవలకు అట్ట వేశాను.

ఎందుకిచ్చానంటే ఆమెను ఉద్ధరించడానికి కాదు. నాకు మాట్లాడే మనిషి కావాలి. మామూలు మాటలకు మా వీధిలో కరువు లేదు. ఏం కూర, ట్యాంకరు వచ్చిందా, నీ పెళ్ళెప్పుడు, ఈ మూడింటితో పొద్దు పుచ్చవచ్చు. నాకు కావలసింది ఒక పుస్తకం చదివి దాని మీద నాతో పోట్లాడే మనిషి.

ఒంగోలులో డిగ్రీ చదివిన మూడేళ్ళూ హాస్టల్లో ఒకే గదిలో ఐదుగురం ఉండేవాళ్ళం. అందులో ఒకతి ఎక్కడినుంచో పాత నవల ఒకటి పట్టుకొచ్చింది. ఆడమనిషి రాసింది. అట్ట లేదు, మొదటి నాలుగు పేజీలూ లేవు. వంతులవారీగా చదివాం. చదివాక జరిగిన రభసకు వార్డెనమ్మ రెండుసార్లు వచ్చి తలుపు కొట్టింది. ఆ కథలో భార్య చేసింది తప్పని ఇద్దరు, ఒప్పని ఇద్దరు, మొదటి నాలుగు పేజీలు దొరికితే గానీ చెప్పలేనని నేను. అప్పటినుంచి పుస్తకాలు కొనడం మొదలుపెట్టాను, ఆడవాళ్ళు రాసినవే. శపథం ఏమీ పట్టలేదు. మొదట దొరికినవి అవి. తర్వాత మగవాళ్ళు రాసినవి కొన్ని చదివితే, వాటిలో మనుషులు అన్నం తినేవాళ్ళు గానీ ఎవరు వండారో తెలిసేది కాదు.

డిగ్రీ అయిపోయాక ఐదుగురిలో నలుగురికి పెళ్ళిళ్ళయ్యాయి. నేను ఇరవై ఆరు పుస్తకాలతో, ఒక ట్రంకుపెట్టెతో మార్కాపురం తిరిగొచ్చాను, పోటీ పరీక్షలకు చదువుకోవడానికి. నోటిఫికేషన్ వచ్చేదాకా చదవాలి, వచ్చాక అది వాయిదా పడేదాకా చదవాలి. అప్పటికే జిల్లాను అటూ ఇటూ కోసి సన్నగా చేశారు. ఏ ముక్క ఎటు పోయిందో నా దగ్గర నోట్సు ఉంది, ప్రశ్న రావచ్చు. జిల్లా సన్నబడింది గానీ ఒంగోలు మాత్రం ఉన్న దూరంలోనే ఉండిపోయింది. హాస్టలు గది వాట్సాప్ గ్రూపులో మిగిలింది. ఒక నవల గురించి అందులో నేను నలభై లైన్లు రాసి పంపితే, పొదిలిలో కాపురం ఉంటున్న స్నేహితురాలు బొటనవేలు బొమ్మ పెట్టింది. మిగతావాళ్ళు ఆ బొటనవేలికి నవ్వు బొమ్మలు పెట్టారు. పుస్తకానికి ఎవరూ ఏమీ పెట్టలేదు.

నాయన బస్సు కండక్టరు, గిద్దలూరు రూటు. అమ్మ కొనకనమిట్ల దగ్గర పల్లెలో అంగన్‌వాడీ టీచరు. పొద్దున ఎనిమిదికి ఇల్లు ఖాళీ అయ్యేది. సాయంత్రం ఐదున్నర దాకా నేను, ఫ్యాను, భారత రాజ్యాంగం. మధ్యాహ్నం రెండింటికి మా వీధిలో కుక్కలు కూడా మొరగవు. ఆ వేళ ఒక గొంతంటూ వినబడాలని ఆర్టికల్స్ పైకి చదివేదాన్ని. ఒకరోజు కూరగాయల బండాయన గేటు దగ్గర ఆగి, "ఎవరితోనమ్మా కొట్లాట?" అని అడిగాడు. ఎవరితోనైనా అయితే బాగుండునని నాకూ అనిపించింది.

అలా వీధిలోవాళ్ళకు, ఇది చదవండి అని, పుస్తకాలు చెప్పడం మొదలుపెట్టాను. పుస్తకం చెప్పడం సంబంధం చెప్పడంలాంటిది. రెండు వైపులా తెలిసి ఉండాలి, రెండు వైపులా కొంచెం దాచాలి. నా ఇరవై ఆరింటికీ ఒక వరుస రాసుకున్నాను. పాత పెద్ద నవలలు ముందే ఇవ్వకూడదు. అవి మేనత్తల్లాంటివి. చెప్పేది నిజమే, కానీ గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టకముందే చెబుతాయి. ముందు ఈ కాలం కథలు ఇవ్వాలి, పది పేజీలవి. వాటిలో ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. ఒకామె షేర్ ఆటోలో ఇంటికి పోతూ ఉంటుంది, దిగేసరికి కథ అయిపోతుంది, ఏమీ జరగలేదు కదా అనుకుంటూ మనం వంటింట్లోకి పోతే అక్కడ పట్టుకుంటుంది. ఆ తర్వాత అనువాదాలు. పక్క రాష్ట్రపు ఆడవాళ్ళ బాధ అయితే ఇంట్లో మగవాళ్ళకు కూడా అభ్యంతరం ఉండదు. మేనత్తలు ఆఖరున.

మొదటి ప్రయోగం జాకెట్లు కుట్టే అక్క మీద. కథల సంపుటం ఇచ్చాను. పది రోజులకు తిరిగిచ్చింది.

"బాగుండాది పాపా. కానీ అందరూ ఏడుస్తా ఉండారు. ఏడ్చేదానికి నాకు సీరియలు ఉంది గదా."

రెండోది బ్యూటీ పార్లరు అక్క. ఆమె ఒకే కథ చదివింది, నా కనుబొమలు దిద్దుతూ దాని మీద తీర్పు చెప్పింది. "మొగుడు తాగడు, కొట్టడు, జీతం తెచ్చి చేతికిస్తాడు. మళ్ళా ఏందంట ఆమె బాధ?" దారం నా కనుబొమ మీద ఉంది కాబట్టి నేను వాదించలేదు.

ఎదురిల్లు సిమెంటు, ఇనుము వ్యాపారం వాళ్ళది. దుకాణం బస్టాండుకు పోయే దారిలో ఉంది. ఆ ఇంటి పెద్దావిడను చిన్నప్పటినుంచి పెద్దమ్మా అని పిలుస్తాను. ఆమె కొడుకు అన్న అయ్యాడు కాబట్టి కోడలు నాకు వదిన. వదినది గిద్దలూరు, పెళ్ళయి నాలుగేళ్ళు. ఆ ఇంట్లో పిలిచేవాళ్ళు నలుగురు, అత్త, మామ, మొగుడు, మూడేళ్ళ కూతురు. పలికేది ఒకతే. పొద్దున ఐదు నుంచి రాత్రి దాకా మా వరండాలోకి "ఆ, వస్తున్నా" అన్న మాట వినబడుతూనే ఉండేది. అది ఆమె గొంతని ఎంతగా అలవాటైందంటే, ఆమె మామూలుగా మాట్లాడితే ఎవరో అనుకునేదాన్ని.

మా వీధికి నీళ్ళ ట్యాంకరు రెండు రోజులకు ఒకసారి వస్తుంది. పైపు డ్రమ్ములో వేసి నిండేదాకా నిలబడాలి. ఆ పది నిమిషాలు ఆడవాళ్ళను ఎవరూ లోపలికి పిలవరు, నీళ్ళు కదా. ఒకరోజు వదినా నేనూ పక్కపక్కన నిలబడ్డాం.

"వదినా, నువ్వు కథలూ అవీ చదువుతావా?"

"చదివేదాన్ని. ఇంటర్లో. ఇప్పుడు మసాలా ప్యాకెట్లు చదువుతున్నా."

"ఏముంటాది వాటి మీద?"

"అన్నీ ఒకటే కథ. అందరినీ వేయించడం, కడాకు రుచికి తగినంత ఉప్పు."

ఈమె నా మనిషి అని ఆ నిమిషమే తేలిపోయింది. ఆ సంతోషంలో నేను రాసుకున్న వరుస మర్చిపోయి, ఏకంగా పెద్ద మేనత్తను బయటికి తీశాను.

అది ఎప్పుడో అచ్చయిన నవల. ముప్పై ఏళ్ళుగా ఇంటిల్లిపాదికీ వడ్డిస్తున్న ఒక మనిషి కథ. అందులో దుర్మార్గులు లేరు, చావులు లేవు. ఆఖరి అధ్యాయంలో ఆమె ఒక మధ్యాహ్నం గదిలోకి పోయి, గడియ పెట్టుకుని, చల్లని బండల మీద పడుకుంటుంది. బయటినుంచి పిలుపులు వస్తూ ఉంటాయి. ఆమె పలకదు. పదమూడు పేజీలు అంతే. అయిదుసార్లు చదివాను, అయిదుసార్లూ ఆ తలుపు అవతల నేనే నిలబడి పిలుస్తున్నట్టు అనిపించింది.

చిక్కల్లా అట్టతో వచ్చింది. దాని మీద జుట్టు విరబోసుకుని నేల మీద పడుకున్న ఆడమనిషి బొమ్మ ఉంది. అది పెద్దమ్మ కంటబడితే ఎవరు పోయారని అడుగుతుంది. అందుకని గోడకున్న పోయినేడాది ఎరువుల కొట్టు క్యాలెండరు తీశాను. మందం కాగితం, చక్కగా మడత పడుతుంది. పైన ఏనుగుల మధ్య లక్ష్మీదేవి, అడుగున నవంబరు నెల తిథులతో సహా. మా వైపు పుస్తకాలకు అట్టలు వేసేది క్యాలెండరు కాగితంతోనే. స్కూల్లో నా లెక్కల నోట్సు మీద ఏడాదంతా సుబ్రహ్మణ్యస్వామి ఉండేవాడు, మార్కులు మాత్రం ఆయన చూసుకోలేదు.

పట్టుకుని ఎదురింటికి పోయేసరికి పెద్దమ్మ వసారాలో కందిపప్పు చెరుగుతోంది. నా చేతిలో లక్ష్మీదేవిని చూసింది. చేట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, నవలను అందుకుని రెండు కళ్ళకూ అద్దుకుంది.

"ఏం పారాయణమే పాపా ఇది?"

దేనికైనా ఒక జోకు తయారుగా ఉంచుకునే మనిషిని. ఆ పూట నోరు తెరిస్తే గాలి వచ్చింది. లోపలినుంచి వదిన వచ్చింది, అత్తను చూసింది, అట్టను చూసింది, నా మొహం చూసింది.

"సౌభాగ్యానికంట అత్తమ్మా. మూడు వారాలది. నేనే అడిగి తెప్పించుకున్నా," అంది, మసాలా ప్యాకెట్ల గురించి చెప్పినట్టు.

"ఇన్నాళ్ళకు బుద్ధి పుట్టింది," అంది పెద్దమ్మ. పుస్తకాన్ని తీసుకుపోయి దేవుడి గదిలో పీట మీద పెట్టింది. పసుపు, కుంకుమ, ఒక మందారం.

పారాయణానికి నియమాలు ఉన్నాయి. తలస్నానం చేయాలి. దీపం వెలుగుతున్నంతసేపు లేవకూడదు, మధ్యలో మాట్లాడకూడదు, ఎవరూ పిలవకూడదు. ఈ ఆఖరి నియమం విలువ మాకిద్దరికీ రెండో రోజుకు తెలిసింది. పొద్దున ఆరున్నర నుంచి ఏడు దాకా ఎదురింటినుంచి "ఆ, వస్తున్నా" అన్నది వినబడలేదు. పాప ఏడిస్తే పెద్దమ్మే ఎత్తుకుంది. అన్న సాక్సులు కనబడక ఇల్లంతా తిరిగితే, "అరవగాకు, అమ్మాయి పారాయణంలో ఉంది," అని తల్లి గొంతు వినబడింది. సాక్సులు ఆయనే వెతుక్కున్నాడు. చరిత్రాత్మకమైన విషయమని చెబుదామనుకున్నాను గానీ, ఒకటి నీలం ఒకటి నలుపు వేసుకుని పోయాడట.

ఆ మూడు వారాలూ రెండు రోజులకు ఒకసారి, ట్యాంకరు దగ్గర పది నిమిషాలు, నాకు మనిషి దొరికింది.

"ఆమె మొగుడు చెడ్డోడు కాదు గదా పాపా," అంది మొదటి వారం.

"కాదు."

"అదే చిక్కు. చెడ్డోడైతే మనకు పని సులువు."

ఇంకోరోజు, "ఆమెది గూడా తప్పుంది. ముప్పై ఏళ్ళు నోరు తెరవకుంటే ఎవరికి ఎట్ల తెలుస్తాది?"

"అడిగినోళ్ళు ఎవరున్నారు వదినా ఆ పుస్తకంలో? ఎవరైనా అడిగినారా?"

"అడగకుంటే చెప్పగూడదా? నేను ఉప్పు తక్కువైతే చెప్పనా?"

"ఉప్పూ ఇదీ ఒకటేనా!"

గొంతు పెంచాను. వదినా పెంచింది. మా డ్రమ్ము నిండి నీళ్ళు రోడ్డున పోతుంటే ట్యాంకరు డ్రైవరు తలబాదుకుని, "అమ్మా, ఆస్తి తగాదా అయితే ఇంట్లో తేల్చుకోండమ్మా," అని పైపు లాగేశాడు. తడిసిన లంగాతో ఇంట్లోకి వచ్చి, ఫ్యాను కింద కూర్చుని, చాలాసేపు ఊరికే నవ్వుకున్నాను. ఆ రోజు ఆర్టికల్స్ పైకి చదవలేదు.

రెండో వారం మధ్యలో వదిన బయట చేరింది. మూడు రోజులు వసారా చివరి గదిలో విడిగా ఉండాలి. వంట లేదు, గిన్నెలు లేవు, ఎవరూ పిలవరు. పెళ్ళయిన తర్వాత ఆమెకు నెలకొకసారి దొరికే తీరిక అదే. పుస్తకం మాత్రం దేవుడి గదిలో ఉంది.

కిటికీ దగ్గర నిలబడి, "ఇంకోటి తెచ్చిచ్చేదా?" అని అడిగాను.

"ఈ మూడు రోజులు బుక్కులు తాకగూడదంట. సరస్వతి గదా."

"క్యాలెండరు తాకవచ్చా?"

"నవ్వించగాకు, అత్తమ్మ ఉంది." గొంతు తగ్గించింది. "పన్నెండో చాప్టరు కాడ ఆగినా. చెల్లెలు వస్తాది గదా, వచ్చి ఏమంటాది? చెప్పు."

చెప్పకూడదు. చదవబోయేవాళ్ళకు కథ చెప్పడమంత పాపం ఇంకోటి లేదని నా సిద్ధాంతం. కిటికీ ఊచలు పట్టుకుని, పన్నెండు, పదమూడు, పద్నాలుగు అధ్యాయాలు పూర్తిగా చెప్పాను. మధ్యలో కథలోని చెల్లెలి గొంతు, అక్క గొంతు కూడా పెట్టాను. ఆమె చాప మీద మోకాళ్ళు ముడుచుకుని వింది. నాలుగో రోజు స్నానం చేసి పుస్తకం తెరిచి, నేను చెప్పిన అధ్యాయాలే మళ్ళీ చదివింది. "నువ్వు చెప్పిందే బాగుంది," అంది ట్యాంకరు దగ్గర. రచయిత్రి చచ్చి ఏ లోకాన ఉందో గానీ నన్ను క్షమించాలి, నేను పొంగిపోయాను.

మూడు వారాలు ముగుస్తున్నాయనగా పెద్దమ్మ మా గేటు దగ్గరికి వచ్చింది. శుక్రవారం పారాయణం ముగింపు, ముత్తైదువలను పిలిచింది, నేను కూడా రావాలి, కోడలు ఆఖరి అధ్యాయం పైకి చదువుతుంది.

"పైకా పెద్దమ్మా?"

"పైకి చదవకుంటే వినేవాళ్ళకు పుణ్యం ఎట్లొస్తాది?"

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. బయటపడితే ఏమవుతుంది? ఎవరూ ఎవరినీ చంపరు, పెద్దమ్మ అలాంటి మనిషి కాదు. నవల నాకు తిరిగి వస్తుంది, వదిన అరగంట పోతుంది, ఆ పాపం నాదవుతుంది కాబట్టి ట్యాంకరు దగ్గర ఆమె నాకు ముఖం చూపించదు. నేను మళ్ళీ ఫ్యానుతో మాట్లాడాలి. నా భయమల్లా అదే.

శుక్రవారం సాయంత్రం హాలులో చాపల మీద ఏడుగురు కూర్చున్నారు. వాళ్ళలో జాకెట్ల అక్క ఉంది. నేను గుమ్మం పక్కన, చెప్పులు కనబడే చోటు చూసుకుని కూర్చున్నాను. వదిన పట్టుచీర కట్టుకుని పీట ముందు కూర్చుని పుస్తకం తెరిచింది.  

కథానాయిక పేరు ఎక్కడ వచ్చినా వదిన 'ఆ తల్లి' అంది. మిగతాది ఉన్నదున్నట్టు చదివింది, కాకపోతే పురాణం చదివే రాగంలో. ఆ తల్లి గదిలోకి పోయెను, గడియ పెట్టుకొనెను, చల్లని నేల మీద మేను వాల్చెను. పెద్దకొడుకు పిలిచెను, ఆ తల్లి పలకలేదు. భర్త పిలిచెను, ఆ తల్లి పలకలేదు. కుక్కరు కూత వేసెను, అన్నచోట నేను కళ్ళు మూసుకున్నాను. పట్టుబడ్డాం అనుకున్నాను. ఎవరూ కదల్లేదు.

"ఏ అమ్మవారి కథ ఇది?" అని ఒకామె గుసగుసగా అడిగింది.

"మాట్లాడగూడదు," అంది పెద్దమ్మ.

సరిగ్గా భర్త రెండోసారి పిలిచేచోట, మూల ఇంటి పిన్ని ఫోను మోగింది. వాళ్ళాయనే, ఇంటినుంచి. పిన్ని ఆ ఫోను వైపు చూస్తూ కూర్చుంది, ఎత్తలేదు. అది మోగి మోగి ఆగిపోయింది.  మా వీధిలో, నా కళ్ళముందు, ఒక పుస్తకం పని చేస్తోంది అనుకున్నాను. తర్వాత తెలిసింది, పిన్ని కళ్ళజోడు తెచ్చుకోలేదట, ఏది నొక్కాలో కనబడలేదట.

పదమూడు పేజీలు అయిపోయాయి. వదిన పుస్తకం మూయబోయింది.

"ఫలశ్రుతి చదవమ్మా," అంది పెద్దమ్మ.

ఈ సంగతి నేను ఆలోచించలేదు. ఏ పారాయణమైనా ఆఖరున ఫలశ్రుతి ఉంటుంది, చదివినవాళ్ళకూ విన్నవాళ్ళకూ ఏ ఫలం దక్కుతుందో చెప్పేది. అది లేకపోతే చేసిందంతా వృథా. ఈ రచయిత్రి మూడొందల పేజీలు రాసింది గానీ ఫలితం ఏమిటో ఎక్కడా చెప్పలేదు. వదిన పేజీ తిప్పింది. అక్కడ ఏముందో నాకు తెలుసు, ప్రచురణకర్తల మిగతా పుస్తకాల జాబితా. ఆమె దాని వైపు చాలాసేపు చూసింది.

"ఈ కథ చదివినవారికిని, విన్నవారికిని," అని మొదలుపెట్టి ఆగింది.  "మధ్యాహ్నమున ఒక గంటసేపు ఎవరి పిలుపూ వినబడకుండు గాక."

 అక్షింతలున్న చేతులు గాలిలో ఆగాయి.

"గంటేనా?" అంది జాకెట్ల అక్క. "పుస్తకంలో సరిగ్గా చూడు కోడలా, రెండు గంటలని ఉంటాది."

అందరూ నవ్వారు, పెద్దమ్మతో సహా. అక్షింతలు పుస్తకం మీద పడ్డాయి, వదిన తల మీద పడ్డాయి. తర్వాత శనగల గుగ్గిళ్ళు, తాంబూలం, తలా ఒక జాకెట్టు ముక్క. పెళ్ళికాని దాన్నయినా నాకూ ఒకటి ఇచ్చారు, ముదురు కిళ్ళీ రంగుది. ఇంటికి వచ్చి ట్రంకుపెట్టె తీసి, వదినకు ఇవ్వాల్సిన తర్వాతి మూడు పుస్తకాలు పక్కన పెట్టాను. ఈసారి వరుస తప్పలేదు. ముందు షేర్ ఆటో కథలు, తర్వాత భూమి పంచుకునే అక్కచెల్లెళ్ళ అనువాద నవల, తర్వాత ఒక ముసలామె ఆత్మకథ. మూడింటికీ అట్టలు వేశాను. వెంకటేశ్వరస్వామి, వినాయకుడు, ఇంకొక లక్ష్మీదేవి.

సోమవారం ట్యాంకరు దగ్గర వదిన డ్రమ్ములో పైపు వేసి అటే చూస్తూ నిలబడింది.

"అత్తమ్మ మొదలుపెట్టింది," అంది.

"ఏంది?"

"పారాయణం. ఆ బుక్కే. ఆ రోజు విన్నాక మనసు కుదురుగా ఉందంట. పొద్దున ఆరున్నరకు ఆమె కూర్చుంటాది, నేను టిఫిను చేస్తా. పిలవగూడదు గదా ఎవరూ, అందుకని పిల్లనూ నేనే చూసుకోవల్ల."

 "ఇంకోటి ఇస్తాను. వెంకటేశ్వరస్వామి అట్ట వేసినా," అన్నాను.

"ఒక ఇంట్లో ఒకేసారి రెండు పారాయణాలు చెయ్యగూడదంట. ఆమెది అయ్యేదాకా ఆగల్ల. కూడబలుక్కుని చదువుతాది, దినానికి ఒక పేజీ." నా వైపు తిరిగింది. "మూడొందల పేజీలు పాపా."

"మధ్యాహ్నం చదువు."

"యాడ?"

జవాబు చెప్పడానికి ఎదురింటి వైపు చూశాను. హాలు, వంటిల్లు, దేవుడి గది, వసారా, చివరి గది. నా జాబితాలో ఇరవై ఆరు పుస్తకాలున్నాయి, ఏది ముందు ఏది వెనక అన్నీ రాసి ఉన్నాయి. ఎక్కడ అన్నది నేను రాయలేదు. డ్రమ్ము నిండింది. వదిన పైపు తీసి పక్కింటామెకు ఇచ్చింది. "ఆ, వస్తున్నా," అంటూ లోపలికి పోయింది. ఈలోపు ఎవరు పిలిచారో నాకు వినబడలేదు.

ఆ తర్వాత ట్యాంకరు దగ్గర కలిసినా మాకు మాటలు లేవు. కోపం లేదు, ఊరికే, చెప్పుకోవడానికి ఏమీ లేదు. "ఇవాళ ఏం కూర?" అని ఆమె అడిగింది. వంకాయ అన్నాను. తనది బీరకాయ అంది. మా ఇద్దరి మధ్య ఇంత మర్యాద ఎప్పుడూ లేదు.

రెండు నెలల తర్వాత ఒక పొద్దున పెద్దమ్మ కిటికీలోంచి నన్ను కేక వేసింది. పోయాను. దేవుడి గది గడప దగ్గర కూర్చుని ఉంది, ఒళ్ళో పుస్తకం, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు.

"ఇది తెచ్చింది నువ్వే గదా. ఒకటి చెప్పు. ఈయమ్మ ఎప్పుడు తింటాది?"

"ఏంది పెద్దమ్మా?"

"యాభై ఎనిమిదో పేజీలో ఉండా. అందరికీ పెడతానే ఉంది. మామకు పెట్టింది, మరుదులకు పెట్టింది, ఎవరో దారినపోయే ఆయన వస్తే ఆయనకు గూడా పెట్టింది. కడాకు పడుకుంటాది, అది ఆ రోజు విన్నా. తినేది యాడుంది?"

అయిదుసార్లు చదివిన దాన్ని. మనసులో మొత్తం పుస్తకం తిరగేశాను. ఎక్కడా లేదు.

"తినదు పెద్దమ్మా. రాసినామె అది రాయలేదు."

"ఎందుకు రాయలేదు?"

"తెలీదు."

పెద్దమ్మ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడిచింది. వంటింటి వైపు తల తిప్పింది. అక్కడ వదిన వీపు కనబడుతోంది, స్టవ్ ముందు.  ఇప్పుడు అడుగుతుంది, నువ్వు తిన్నావా అని కోడలిని అడుగుతుంది, అడిగితే చాలు, నా ఇరవై ఆరు పుస్తకాలూ ఈ ఇంటికే రాసిచ్చేస్తాను.

"అమ్మాయ్, పాలు పొంగుతున్నట్టుండాయి చూడు," అంది పెద్దమ్మ.

"ఆ, చూస్తున్నా అత్తమ్మా."

"సరే పోయిరా పాపా. పేజీ మధ్యలో మాట్లాడినా, మళ్ళా మొదటినుంచి చదవల్ల ఇప్పుడు." కళ్ళజోడు పెట్టుకుని దేవుడి గది తలుపు దగ్గరికి వేసుకుంది. లోపలినుంచి ఒక్కో అక్షరం మీద ఆగుతున్న గొంతు కొంచెంసేపు వినబడింది. నేను ఇచ్చిన పుస్తకాన్ని ఇంత జాగ్రత్తగా చదివినవాళ్ళు ఇంకెవరూ లేరు. కూర్చుని పోట్లాడదామంటే తలుపు వేసి ఉంది.

ఇప్పుడు ఎదురింటి మీద ఇంకో అంతస్తు వేస్తున్నారు. పైన ఒక గది గోడలు లేచినప్పుడు నాకొక ఆశ పుట్టింది, వదినకు ఒక చోటు అవుతుందేమోనని. గేటు దగ్గర అన్న కనబడితే అడిగాను. పై పోర్షను బ్యాంకువాళ్ళకు ఎవరికైనా అద్దెకిస్తారట. ఇసుక మా గేటు ముందే పోశారు. స్లాబు పడేదాకా మా స్కూటీ పక్క సందులో పెట్టుకోవాలి.